కాలిబాటకు పట్టా ఏదీ?

రోడ్డు విస్తరణ అనగానే మొదట కోతపడేది కాలిబాటే. వాహనాలకు మరో వరుస కావాలన్నా, కరెంటు స్తంభం పాతాలన్నా, తవ్విన మట్టి కుప్పపోయాలన్నా యంత్రాంగం కళ్లకు ముందుగా ఆనేది అదే. రోడ్డు వేశాక మిగిలిన జాగాను పాదచారులకు దయతలచి వదిలారన్న భావన పాలకుల్లోనే కాక నడిచేవారిలోనూ పాతుకుపోయింది. చరిత్ర చూస్తే సంగతి తలకిందులుగా ఉంది. చక్రాల బండ్లు వాడుకలోకి రాకముందే మనుషులు నడక కోసం దారులు కట్టుకున్నారు.

ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ చిత్తడి నేలల్లో 1970లో బయటపడిన ‘స్వీట్ ట్రాక్’ అందుకు సాక్ష్యం. దాన్ని కట్టడానికి చెట్లు నరికింది క్రీస్తుపూర్వం 3807-3806 ప్రాంతంలోనని దుంగల్లోని వలయాల లెక్క తేల్చింది. బురదలోకి కర్రమేకులను ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా దిగగొట్టి, అవి కలిసే చోట ఓక్ పలకలను కొసకు కొస ఆనించి పరిచారు. ఒకరి వెనుక ఒకరు నడవడానికే సరిపోయే ఆ పలకల వరుస దాదాపు రెండు కిలోమీటర్లు సాగింది. కొన్నేళ్లకే నీటిమట్టం పెరిగి అది మునిగిపోయింది కానీ, ఊరంతా చేయి వేస్తే తప్ప పూర్తికాని అంతటి పనిని కేవలం కాళ్లు తడవకుండా అవతలికి చేరడానికి తలపెట్టారంటే నడకకు వారిచ్చిన విలువ అర్థమవుతుంది.

బండ్లు వచ్చాక, నడిచేవారిని వాటి నుంచి వేరుచేయవలసిన అవసరం ఏర్పడింది. క్రీస్తుశకం 79లో అగ్నిపర్వత బూడిద కింద కూరుకుపోయిన రోమన్ల కాలపు పాంపే నగరంలో వీధులకు ఇరుపక్కలా ఎత్తైన కాలిబాటలు ఇప్పటికీ కనిపిస్తాయి. వీధి దాటవలసిన చోట కాలిబాట ఎత్తుకు సమానంగా పెద్ద బండరాళ్లు నాటారు. వాటి నడుమ సందులు బండిచక్రాలు దూరిపోయేంత కొలతతో ఉన్నాయి. అంటే మనిషి మురుగులోకి దిగకుండా సమతలంగా దాటిపోతాడు, బండివాడే వేగం తగ్గించి, చక్రం సరిచూసుకుని నడపాలి. దాటే చోట కష్టం ఎవరు పడాలన్న ప్రశ్నకు రెండువేల ఏళ్ల కిందట చెప్పిన ఆ జవాబు నేటి కూడళ్లలో తిరగబడింది. మెట్లెక్కి వంతెన మీదుగానో, సొరంగంలో దిగో వెళ్లవలసింది ఇప్పుడు పాదచారే.

రోమ్ పతనం తర్వాత ఐరోపా నగరాల్లో ఈ ఏర్పాటు చాలావరకు మరుగునపడింది. 1607లో వాడుకలోకి వచ్చిన పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనపై నడిచేవారి కోసం ఎత్తైన బాటలు కట్టడం అప్పట్లో వింత. లండన్‌లో 1762 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టంతో ఎవరి వాకిలి ముందు వారు తోచినట్టు రాళ్లు పరుచుకునే పద్ధతి పోయి, వీధి బాధ్యత ఒక అధికార సంఘం చేతికి వచ్చింది. కాలిబాటపై బండి తోలడం నేరమని 1835లో ఇంగ్లండ్ హైవే చట్టం తేల్చిచెప్పింది.

పొలాల మీదుగా, గుట్టల మీదుగా పోయే కాలిబాటల కథ ఇంకా ఆసక్తికరం. 1932 ఏప్రిల్ 24న ఇంగ్లండ్‌లోని కిండర్ స్కౌట్ గుట్టపైకి, భూస్వాముల కాపలాదారులను ధిక్కరించి వందలాది శ్రామికులు నడిచి వెళ్లారు. వారిలో ఐదుగురు జైలుపాలయ్యారు. ఆ తర్వాత 17 ఏళ్లకు, 1949లో వచ్చిన చట్టం స్థానిక సంస్థల చేత ప్రజల నడకదారులను సర్వే చేయించి అధికారిక పటాల్లోకి ఎక్కించింది. ఒకసారి ఆ పటంలోకి ఎక్కితే భూమి ఎన్ని చేతులు మారినా దారి హక్కు చెక్కుచెదరదు. ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరూ ఆపకుండా జనం 20 ఏళ్ల పాటు ఒక దారిన నడిస్తే దాన్ని ప్రజల దారిగానే భావించాలన్న నియమం కూడా అక్కడ అమల్లో ఉంది. నడకే దస్తావేజు అన్నమాట.

పట్టణ కాలిబాటకు కొరవడింది సరిగ్గా ఈ రక్షణే అని మా అభిప్రాయం. కాగితం మీద వెడల్పు చూపించి సంతృప్తి పడటం యంత్రాంగానికి అలవాటు. చక్రాల కుర్చీలు రెండు ఎదురుపడి తప్పుకోవాలంటే 1.8 మీటర్ల ఖాళీ కావాలి. అంత వెడల్పున్న బాట కూడా ప్రతి గేటు దగ్గరా తెగి, దిగి, మళ్లీ ఎక్కుతుంటే మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలు రోడ్డుమీదే నడుస్తుంది. చూపులేనివారి కోసం సెయీచీ మియాకే రూపొందించిన స్పర్శ పలకలను 1967లో జపాన్‌లోని ఒకాయామాలో తొలిసారి పరిచారు. నిలువు గీతలు ముందుకు సాగమని, చుక్కలు ఆగి జాగ్రత్తపడమని పాదానికి చెబుతాయి. ఆ పలకలను తెచ్చి స్తంభానికి ఢీకొట్టేలా వరుసగా పరిచేవారు కళ్లున్నవారే కావడం విడ్డూరం. ఆక్రమణల మాట రాగానే బుట్ట పెట్టుకుని కూర్చున్న చిరువ్యాపారిని ఖాళీ చేయించే అధికారులు, రోజంతా కాలిబాటను కమ్మేసి నిలిపి ఉంచిన కార్ల జోలికి పోకపోవడం కూడా అంతే విడ్డూరం.

అందుచేత ప్రతి కాలిబాటనూ రోడ్డుతో నిమిత్తం లేకుండా పటంలో విడిగా గుర్తించి, కొలతలతో నమోదు చేయాలి. గొట్టాల కోసం, తీగల కోసం తవ్విన సంస్థే దాన్ని నిర్ణీత గడువులోగా యథాతథంగా పునరుద్ధరించాలి. కుదించాలన్నా, మళ్లించాలన్నా ముందుగా బహిరంగ ప్రకటన తప్పనిసరి చేయాలి. ఇంగ్లండ్‌లో నమోదైన కాలిబాటను మూసివేయదలిస్తే ఆ నోటీసును పత్రికలో వేస్తే సరిపోదు, మూసే భాగానికి రెండు చివరలా అందరికీ కనబడేలా ప్రదర్శించాలి. ఆ దారిన రోజూ పోయే మనిషి దాన్ని చదివి అభ్యంతరం తెలిపి, దానికే కట్టుబడి ఉంటే, ఆ మూసివేత ఉత్తర్వును స్థానిక సంస్థ తనంతట తానుగా ఖరారు చేసుకోవడానికి వీల్లేదు.