‘ఒక్క కోతేగా’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఒక్క కోతేగా’ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. మీ కుశలానికి ఎప్పుడూ లోటుండదు. ‘కోసేది ఒక్క కోతే కదా, ఈ జాగ్రత్తలన్నీ దేనికి’ అనే మాటే మీరు, కాబట్టి రంపం ఉన్న ప్రతి ఇంట్లోనూ మీకు పీట వేసే ఉంటుంది. ఇక నా వైపు సంగతంటారా, నిన్న మళ్లీ లెక్కపెట్టుకున్నాను, వేళ్లు పదీ ఉన్నాయి. అందులో మీ చలవ ఏమీ లేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మీరు నాకు కొత్త కాదు. వైరున్న రంపం వాడే రోజుల్లోనూ వస్తుండేవారు, కాకపోతే గుమ్మం దగ్గరే నిలబడేవారు. మిమ్మల్ని లోపలికి రానివ్వనిది ఆ వైరే. దాని చుట్ట విప్పాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతకాలి, కాలికి తగలకుండా పక్కకి జరపాలి, ప్లగ్గు పెట్టాలి. ఇంత తతంగం ఎలాగూ తప్పదు కాబట్టి, పనిలో పనిగా కళ్లద్దాలు కూడా పెట్టేసుకునేవాణ్ని. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్గు పీకేవాణ్ని. పీకిన ప్లగ్గు కళ్లెదుట నేల మీద పడి ఉండేది. దాన్ని చూస్తే చాలు, యంత్రంలో ప్రాణం లేదని ధైర్యం.

తర్వాత బ్యాటరీతో నడిచే మైటర్ సా, అంటే హ్యాండిల్ దించి చెక్కని కావలసిన కోణంలో కోసే రంపం, వచ్చింది. వైరుతో పాటే మీకున్న కాపలా కూడా పోయింది. నేను టక్కుమని బ్యాటరీ తోశానో లేదో, మీరు నట్టింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మీరు మొదట అన్న మాట ఇంకా గుర్తుంది. “18 వోల్టులేగా, టార్చిలైటుకి అన్నయ్య, అంతే!” నమ్మేశాను. ఆ బ్యాటరీ డబ్బాలో 3.6 వోల్టుల లిథియం సెల్స్ ఐదు వరసగా కలిపి ఉంటాయి, అంతా కలిపితే 18. షాక్ కొట్టి చంపే వోల్టేజీ కాదు, ఒప్పుకుంటాను. కానీ నాకు భయం షాక్ గురించి కాదు కదా. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే, దాని అంచున ఉన్న పన్ను గంటకి దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. కరెంటు గోడలోంచి వచ్చిందా, డబ్బాలోంచి వచ్చిందా అని ఆ పన్ను ఆరా తీయదు. ఈ లెక్క నేను కాగితం మీద వేసుకుంటుంటే మీరు ఆవలించారు.

మన స్నేహం ముదిరిన రోజు సంగతి నలుగురికీ చెప్పాలి. ఒక చిన్న అర కింద బిగించడానికి ఒకే కొలతలో ఆరు ముక్కలు కావలసి వచ్చాయి. ఒక్కోటి 4 సెంటీమీటర్లు. “ఆరుసార్లు కొలవడం దేనికి? బ్లేడుకి అవతల ఒక దిమ్మ బిగించెయ్. బద్దని దానికి ఆనించు, కోసుకుంటూ పో” అన్నారు. తెలివైన సలహాలాగే వినిపించింది. బిగించాను. నాలుగు ముక్కలు బుద్ధిగా వచ్చాయి. ఐదోది తెగగానే, బ్లేడు ఇంకా తిరుగుతుండగానే, హ్యాండిల్ పైకెత్తాను. అది ఆగేదాకా నిలబడటం మీకు చిరాకు కదా. తెగిన ముక్కకి ఒక పక్క దిమ్మ, ఇంకో పక్క తిరుగుతున్న పళ్లు. జరగడానికి చోటు లేదు. కాస్త వాలింది, పన్ను దాన్ని కరిచింది, ఫట్‌మంది. ముక్క నా చెవి పక్కనుంచి పోయి వెనక తలుపుకి సొట్ట పెట్టి మాయమైంది.

వారం తర్వాత పాత బూటులో దొరికింది. కొలిచి చూస్తే సరిగ్గా 4 సెంటీమీటర్లు! ఆ పనితనానికి మీరు మురిసిపోయారు.

ఇలాంటప్పుడు దిమ్మని కొలత కోసం మాత్రమే వాడాలట. బద్దని దానికి ఆనించి, క్లాంపుతో బిగించి, దిమ్మ తీసేసి అప్పుడు కోయాలట. కోత అయ్యాక ట్రిగ్గర్ వదిలి, బ్లేడుని కిందే ఉంచి, పూర్తిగా ఆగాక పైకెత్తాలట. మోటారుకి బ్రేకు ఉన్న రంపమైతే ఆగడానికి పట్టేది కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్ల ఆస్తి నాకు కూడబెట్టి పెడదామనే కదా మీ తాపత్రయం!

ఇక ఆ రోజు నా చేతిలో మిగిలిన బద్ద 12 సెంటీమీటర్లు. చెయ్యి బ్లేడుకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలని మాన్యువల్ అంటుంది. 12 సెంటీమీటర్ల బద్దని 15 సెంటీమీటర్ల అవతలి నుంచి పట్టుకోవడం ఎలా అని అడిగాను. మీ దగ్గర దానికీ జవాబుంది: “రెండు వేళ్లతో నొక్కిపట్టు.” ఏ రెండు వేళ్లో మాత్రం చెప్పలేదు. లేకపోయినా పర్లేదనుకునే రెండేమో అని నాకు అనుమానం. చేతులు వణుకుతుంటే ఆ పూటకి ఆపేశాను.

గార్డు మీద మీకున్న కక్ష గురించి కొంచెం మాట్లాడాలి. బ్లేడుని కప్పి ఉంచే ఆ ప్లాస్టిక్ తొడుగు పాపం ఎవరి జోలికీ పోదు. హ్యాండిల్ దించితే తనే తప్పుకుంటుంది, ఎత్తితే తనే వచ్చి కప్పుకుంటుంది. చెప్పకుండానే పని చేసేది ఈ ఇంట్లో అదొక్కటే. పది కోతలయ్యేసరికి దానికి పొట్టు అంటుకుని గీత కనబడదు. వెంటనే మీరు: “పైకెత్తి ఓ తీగతో కట్టెయ్, పీడా వదులుతుంది.” కళ్లజోడు మసకబారితే తుడుచుకుంటాం కానీ కిటికీలోంచి విసిరేయం కదండీ. బ్యాటరీ తీసి, మెత్తటి గుడ్డతో తుడిస్తే రెండు నిమిషాల పని. కట్టేసిన గార్డు ఉన్న రంపమంటే నోరు తెరుచుకుని నిద్రపోయే మొసలి.

అన్నట్టు, ఏది పెట్టుకోమన్నా వద్దనే మీరు గ్లవ్స్ మాత్రం భలే సిఫార్సు చేశారు! చేతికి రక్షణట. తిరిగే బ్లేడు దగ్గర వదులు గ్లవ్ రక్షణ కాదు, కొక్కెం. దాని దారం ఒక్కటి పంటికి చిక్కితే, లోపలున్న చెయ్యి కూడా వెంట వెళ్లాల్సిందే. పొడుగు చేతుల చొక్కా, మెడలో వేలాడే గొలుసు, ముడి వేయని జుట్టు, అన్నిటికీ ఇదే వరస. మీరు వద్దన్నవన్నీ పెట్టుకుని, పెట్టుకోమన్నది తీసేస్తే సరిగ్గా సరిపోతుందని ఆ రోజు తెలిసింది.

వంకర చెక్కతో మీ చమత్కారం వేరే రకం. బద్ద విల్లులా వంగి ఉంటే “పర్లేదు, వెనక ఫెన్స్‌కి అదిమి పట్టు” అంటారు. ఫెన్స్ అంటే రంపం బల్ల మీద వెనక పక్క, చెక్కని ఆనించే నిలువు పట్టీ. బ్లేడు అడుగున పళ్లు వెనక్కే తిరుగుతుంటాయి, చెక్కని ఫెన్స్ మీదికే నెడతాయి. అక్కడ చెక్కకి ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. బోలుగా వంగిన పక్క ఫెన్స్ వైపు ఉంటే, కోసే చోట వెనకంతా ఖాళీయే. సగం తెగేసరికి చెక్క ఆ ఖాళీలోకి కుంగి బ్లేడుని రెండు పక్కలా పట్టేస్తుంది. అప్పుడు రంపం ఎగురుతుంది, దాంతో పాటు గుండె కూడా. ఉబ్బిన పక్కని ఫెన్స్‌కి పెట్టి, కోత పడే చోట సందు లేకుండా చూసుకుంటే చాలు. పొడుగు బద్దయితే రెండు చివర్లా ఆసరా కూడా ఇవ్వాలి. ఆసరా కోసం కుర్చీ తెచ్చేలోపే మీరు ట్రిగ్గర్ వైపు చూస్తుంటారు.

ముందుకీ వెనక్కీ జారే రంపం గురించి ఒక్క ముక్క. బ్లేడూ మోటారూ ఉన్న దాని తలని ముందు మన వైపు లాగి, బ్లేడు నిండు వేగం అందుకున్నాక కిందికి దించి, వెనక్కి తోస్తూ కోయాలి. మన వైపు లాక్కుంటూ కోస్తే, బ్లేడు చెక్క మీదికి ఎక్కి మన ఒళ్లోకే వస్తుంది. మీరు నేర్పింది లాగడమేనని మళ్లీ చెప్పక్కర్లేదు.

బ్యాటరీ అడుగంటినప్పుడు మీరు మరీ ఉత్సాహంగా ఉంటారు. “ఇదొక్కటీ అయిపోతే ఛార్జింగ్ పెడుదువు గానీ.” కోత మధ్యలో మోటారు మూలిగి, బ్లేడు చెక్కలోనే ఇరుక్కుపోతుంది. ట్రిగ్గర్ పట్టుకునే ఉండి, రెండో చేత్తో చెక్కని ఊపమంటారు. చార్జి అయిపోయిందా, బరువెక్కువై కాసేపు ఆగిందా అని అది మనకి చెప్పదు. చెక్క వదులైన మరుక్షణం మళ్లీ తిరిగినా తిరుగుతుంది. ముందు ట్రిగ్గర్ వదలాలి, బ్యాటరీ లాగేయాలి, ఆ తర్వాతే చెక్క మీద చెయ్యి.

మీ లెక్కలంటే నాకు తగని ముచ్చట. వాటిలో ఒకటికి ఒకటి కలిపితే ఎప్పుడూ ఒకటే. ఫొటో ఫ్రేము ఒకటి చేశాను. నాలుగు పక్కలు, ఎనిమిది కోతలు, అన్నీ 45 డిగ్రీలు. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా వస్తే చివరి మూల దగ్గరికి వచ్చేసరికి అది 4 డిగ్రీలు, వేలి గోరు పట్టేంత సందు. మళ్లీ ఎనిమిది కోతలు. మళ్లీ తేడా, మళ్లీ ఎనిమిది. ఇరవై నాలుగుసార్లూ నా చెవిలో మీరన్నది ఒకటే మాట, “ఒక్క కోతేగా”.

ఆ చెవి సంగతే చెబుతున్నా వినండి. ఈ రంపాల చప్పుడు 100 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. పనిచేసే చోట భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ముక్కు కథ ఇంకా పాతది. చెక్క పొట్టు క్యాన్సర్ కలిగించేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. అయినా మాస్క్ కోసం లేచానంటే మీ మొహం చిన్నబోతుంది, టెన్షన్ పడిపోతారు.

కాబట్టి అయ్యా, ఇంట్లో చిన్న మార్పు చేశాను. బ్యాటరీ ఇప్పుడు రంపంలో నిద్రపోవడం లేదు. మేకుల డబ్బాకి దూరంగా పై అరలో ఉంటోంది, ఎందుకంటే దాని రెండు కొనలకీ ఓ మేకు అడ్డం పడితే అదో వేరే బాణసంచా. కోణం మార్చాలన్నా, ఇరుక్కున్న ముక్క తీయాలన్నా, బ్లేడు విప్పాలన్నా ముందు అదే బయటికొస్తుంది. బయటికొచ్చి బల్ల మీద నా కళ్లెదుటే పడుంటుంది, పాత ప్లగ్గులాగా. ఆ అర దాకా నడిచి వెళ్లేటప్పుడు దారిలో కళ్లద్దాలు తగులుతాయి, చెవులకి పెట్టుకునేవి తగులుతాయి. మీరు కూడా తగులుతున్నారు, కాకపోతే మళ్లీ గుమ్మం దగ్గరే.

ఇట్లు,
పది వేళ్లతోనూ టైపు చేస్తున్న
మీ మాజీ శిష్యుడు

తా.క.: ఆరో ముక్క ఇంకా కోయలేదు. అర ఐదు ముక్కల మీదే ఓ పక్కకి వాలి నిలబడి ఉంది. ఊరికే నిలబడే బదులు, ఆ క్లాంపు ఎక్కడ పెట్టానో కాస్త వెతికి పెడతారా?