సైగల్లో లె, లా లేవట!

"ఫ్రెంచి సైన్ లాంగ్వేజ్‌కి గ్రామరెక్కడిది? ఫ్రెంచిలోలా 'లె', 'లా' అనే ఆర్టికల్స్ (ఇంగ్లీషు 'ది' లాంటివి) లేవు, 'ఈజ్' లాంటి క్రియ లేదు, అంతా మూగసైగలే" అని చదువుకున్నవాళ్లు అంటుంటే ఒళ్లు మండుతుంది. అనేది తెలుగువాళ్లయితే మరీను. "ఆయన డాక్టర్" అంటాం, అందులో క్రియ చూపించండి. లె, లా లాంటివి మనకీ లేవు. మన భాషకీ గ్రామర్ లేనట్టేనా?

సైగలని ఫ్రెంచి కొలతతో కొలిచే ఈ జబ్బు పాతదే. 18వ శతాబ్దంలో పారిస్‌లో బధిర పిల్లలకి బడి పెట్టిన క్రైస్తవ మతగురువు అబ్బే ద లెపే మంచివాడు, వాళ్ల సైగలు నేర్చుకున్నాడు కూడా. అక్కడితో ఆగలేదు. ఫ్రెంచి వ్యాకరణాన్ని చేతుల్లోకి దించాలని పుంలింగానికి టోపీ దగ్గర, స్త్రీలింగానికి చెవి దగ్గర చెయ్యి పెట్టే సైగలు కల్పించాడు. మాటమాటకీ టోపీ ముట్టుకుంటూ కబుర్లు చెప్పుకునేదెవరు? పారిస్ బధిరులకి తమ భాష తమకుందని పియెర్ దెలోజ్ 1779లోనే పుస్తకం రాశాడు. ఆయనా బధిరుడే, పుస్తకాలు బైండింగ్ చేసేవాడు.

పైగా సైగలకి గ్రామర్ లేదనేవాళ్లు పోల్చేది పుస్తకాల ఫ్రెంచితో. నోటి ఫ్రెంచి వినండి. 'ఇల్ మాంజ్' అంటే అతను తింటాడనా, వాళ్లు తింటారనా? రాస్తే తేడా ఉంది, వినడానికి ఒకటే. 'కాదు' చెప్పే 'నె... పా'లో నె చాలాసార్లు గొంతులోనే ఉండిపోతుంది. దీన్నెవరూ లోటనరు.

ఫ్రెంచి సైగల భాషలో 'ఇవ్వడం' అనే సైగ నీ వైపు నుంచి నా వైపు కదిలితే "నువ్వు నాకిచ్చావు". ఎవరు ఎవరికన్నది చెయ్యి నడిచిన దారిలోనే ఉంది. నోటితో అయితే ఒకదాని తర్వాత ఒక మాట పేర్చాల్సిందే. ఇక్కడ చేతులు ఒకటి చెబుతుంటే ముఖం, చూపు అదే క్షణంలో ఇంకొకటి చెబుతాయి.

మాటకీ అర్థానికీ సహజ సంబంధం లేదన్న భాషావేత్త సొస్యూర్ సూత్రాన్ని పట్టుకుని, బొమ్మలా కనబడే సైగ భాష కాదనేవాళ్లున్నారు. 1960లో అమెరికా భాషావేత్త స్టోకీ, మాటలు ధ్వనులుగా విడిపోయినట్టే అమెరికన్ సైగలని చేతి ఆకారం, చోటు, కదలికలుగా విడగొట్టి చూపించాడు. గొప్ప పనే, కానీ "మీకున్నవి మాకూ ఉన్నాయి" అని సంజాయిషీ ఇచ్చుకున్నట్టుంటుంది. ఆ బొమ్మకట్టే గుణమే వ్యాకరణానికి ఆయువుపట్టు అన్న ఫ్రెంచి భాషావేత్త క్యుక్సాక్ వాదనే నాకు నచ్చుతుంది.

1880లో మిలాన్ సభలో, దాదాపు అందరూ వినగలిగినవాళ్లే కూర్చుని, బడుల్లో సైగలొద్దని తీర్మానించారు. 2005లో ఫ్రాన్స్ చట్టం ఫ్రెంచి సైగల భాషని పూర్తి స్థాయి భాషగా ఒప్పుకుంది. అప్పటికీ అందులో లె, లా లేవు.