సవరణ: నల్లా రాకపోతే తప్పు ఎవరిది?

వరంగల్ జిల్లా పల్లెల తాగునీటి గురించి నేను గత వారం రాసినదానిలో తప్పులు దొర్లాయి. నల్లా రాకపోతే బాధ్యత పూర్తిగా గ్రామ పంచాయతీదే అని తేల్చేశాను. అది చదివి, మా వీధికి నీళ్లు వదిలే ఆయన నన్ను దారిలో ఆపాడు. "పైనుంచి రాని నీళ్లను నేనెక్కడి నుంచి వదలాలి సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నది నుంచో జలాశయం నుంచో నీళ్లు తోడి, శుద్ధి చేసి, ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా చేర్చడం రాష్ట్ర ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ విభాగం పని. ట్యాంకు నుంచి ఇంటి నల్లా దాకా చూసుకోవలసింది పంచాయతీ. వాల్వులు తిప్పడం, ట్యాంకు కడగడం, వీధి పైపుల లీకులు బాగుచేయడం దాని కిందికే వస్తాయి. కాబట్టి ట్యాంకే నిండకపోతే సర్పంచిని తిట్టి లాభం లేదు. ట్యాంకు నిండినా చివరి వీధికి చుక్క రాకపోతే మాత్రం పంచాయతీ కార్యదర్శిని అడగాల్సిందే.

మిషన్ భగీరథ లక్ష్యం మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లని రాసిందీ పొరపాటే. అది 2019లో మొదలైన కేంద్ర జల్ జీవన్ మిషన్ లెక్క. మిషన్ భగీరథ పల్లెలకు పెట్టుకున్న లక్ష్యం 100 లీటర్లు. మున్సిపాలిటీలకు 135, నగరపాలక సంస్థలకు 150. రెండు పథకాల అంకెలనూ ఒకే కాగితం మీద రాసుకున్నాను, అదీ సంగతి.

ఇంకొకటి. కొద్దిగా క్లోరిన్ వాసన వస్తే నీళ్లు చెడిపోయినట్టని రాశాను. అది నిజం కాదు. క్లోరిన్‌తో శుద్ధి చేసిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాలే చెబుతున్నాయి.