ముందు బొమ్మ పడనివ్వండి

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటు సెల్లార్ హాల్లోనో, ఏ ఆఫీసు మేడ మీదనో ఎల్‌జీబీటీక్యూ కుర్రాళ్ళు తీసిన షార్ట్ ఫిల్ములు వేస్తున్నారంటే, నిర్వాహకులు ముందుగా గొడవకు తయారవుతారు. ఎవరైనా వచ్చి ‘దీనికి చట్టం ఒప్పుకుంటుందా?’ అంటే చూపించడానికి, స్వలింగ సంబంధం నేరం కాదన్న 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫైల్లో ఉంటుంది. ఇంకా వాదిస్తే హిజ్రాల మీద నిజాం కాలం నుంచి వేలాడిన చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసిన సంగతీ ఉంటుంది. ఒక లాయరమ్మాయి కాపలాగా ముందు వరుసలో కూర్చుంటుంది. అడిగేవాడు మాత్రం రాడు. తెర మీదికి వచ్చేది ‘నో సిగ్నల్’.

ముంబైలో 2010 నుంచి నడుస్తున్న కశిష్ లాంటి ఎల్‌జీబీటీక్యూ సినిమాల ఉత్సవానికి థియేటరూ ఉంటుంది, ఆపరేటరూ ఉంటాడు. ఇక్కడ ఉండేది అద్దె ప్రొజెక్టరు, ఎవరి ల్యాప్‌టాపో, 15 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబులు. అంత పొడవున మామూలు రాగి కేబుల్లో సిగ్నల్ నీరసించిపోతుంది. ఖర్చుకు వెనకాడకుండా సిగ్నల్‌కు బలమిచ్చే యాక్టివ్ కేబులు తెచ్చారా, దానికి దిక్కు ఉంటుంది: ‘సోర్స్’ అని రాసిన కొన ల్యాప్‌టాప్‌కే పెట్టాలి. కొనలు తారుమారు చేసి సీలింగు వెంబడి నీటుగా టేపులు అంటించేశాకే ఆ రాత ఎవరి కంటైనా పడుతుంది. ల్యాప్‌టాప్‌కు టైప్-సీ తప్ప ఇంకేమీ లేకపోతే మరో ముచ్చట. అన్ని టైప్-సీ పోర్టులూ బొమ్మనివ్వవు, కొన్ని ఛార్జింగుకు, డేటాకు మాత్రమే. ఆరింటి షోకు ఆరుంపావుకు ఈ జ్ఞానం కలుగుతుంది. అప్పటికి సమోసాలు సగం అయిపోయి ఉంటాయి.

గోడకు కట్టిన ఇంద్రధనుస్సు జెండాకు ఏడు పట్టీలుంటాయి. ప్రైడ్ జెండాకు ఆరే. దర్జీ బళ్ళో చదువుకున్నవాడు, అడక్కుండానే ఏడోది కలిపి కుట్టాడు. ఎక్స్‌ట్రా డబ్బులు అడగలేదు కాబట్టి ఎవరూ మాట్లాడరు.

బొమ్మ పడ్డాక అసలు సినిమా సబ్‌టైటిల్స్‌తో మొదలవుతుంది. పాతబస్తీ దక్కనీలో తీసిన 20 నిమిషాల సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ వేశారనుకోండి. ఎడిటరు సెకనుకు 25 ఫ్రేముల కాపీకి టైమింగు కట్టాడు, హాలుకు వచ్చింది 24 ఫ్రేములది. మొదట్లో తేడా తెలియదు. చివరికొచ్చేసరికి సబ్‌టైటిల్ 48 సెకన్లు ముందు పరిగెడుతూ ఉంటుంది. కొడుకు ‘అమ్మీ, ఏక్ బాత్ బోల్నా హై’ అని గొంతు సవరించుకునే లోపే కింద అమ్మ జవాబు పడిపోతుంది: ‘నాకెప్పుడో తెలుసులేరా, ముందు అన్నం తిను.’ హాలంతా గొల్లున నవ్వుతుంది. దర్శకుడు మాత్రం ఆ సీనుకు జనం ఏడుస్తారని మూడు నెలలు కూర్చుని ఎడిట్ చేయించి ఉంటాడు.

సినిమా ఆడించే వీఎల్‌సీ ప్లేయర్లో హెచ్ మీట నొక్కితే సబ్‌టైటిల్ వెనక్కి జరుగుతుంది, నొక్కుకు 50 మిల్లీసెకన్లు. అంటే 48 సెకన్లకు 960 నొక్కులు! వాలంటీరు నొక్కుతూనే ఉంటాడు, అటు తేడా పెరుగుతూనే ఉంటుంది. ఇది నొక్కులతో తీరే జబ్బు కాదు. ముందురోజే ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చుకోవాలి. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. నోట్‌ప్యాడ్‌లో ఏఎన్ఎస్ఐ అని సేవ్ చేశారో, తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. అక్షరాలను బొమ్మలోనే కలిపేసి, అన్ని సినిమాలనూ ఒకే సైజు, ఒకే ఫ్రేమ్ రేటు ఫైళ్ళుగా మార్చుకుంటే ఈ తలనొప్పే ఉండదు. ఆ పనికి ఒక రాత్రి పడుతుంది. ఆ రాత్రి అందరూ పోస్టర్ రంగు గురించి గ్రూపులో కొట్టుకుంటూ ఉంటారు.

శబ్దం గొడవ చిన్నదే. ఫైల్లో ఆరు ఛానళ్ళ 5.1 ఆడియో, హాల్లో స్పీకర్లు రెండు. మాటలుండేది మధ్య ఛానల్లో గనుక పెదాలు కదులుతుంటాయి, వర్షం మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తుంది. స్టీరియోకు మార్చి తీసుకోవాలి, అంతే.

నవ్వడానికి వీల్లేని పొరపాటు ఒకటుంది. ఇంట్లో తెలియదు గనుక దర్శకుడు టైటిల్స్‌లో మారుపేరు వేసుకుంటాడు. ఫైలుకు మాత్రం ఇంటిపేరుతో సహా అసలు పేరు, చివర ‘ఫైనల్ ఫైనల్ 3’. ప్లే నొక్కగానే వీఎల్‌సీ ఆ పేరును తెర మీద ఐదు సెకన్లు చూపిస్తుంది. వచ్చినవాళ్ళలో పిన్ని కొడుకు స్నేహితుడు ఉండడని ఏమిటి నమ్మకం? సెట్టింగుల్లో సబ్‌టైటిల్స్ పేజీలోనే, వీడియో మొదట్లో టైటిల్ చూపించే టిక్ ఉంటుంది, తీసేయాలి. ఫైళ్ళకు 01, 02 అని పేర్లు పెట్టి, ప్రాపర్టీస్‌లో దాక్కున్న టైటిల్ కూడా తుడిచేయాలి. ఫొటోలు వద్దనుకునేవాళ్ళకు గుమ్మంలోనే ఎర్ర స్టిక్కర్ ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ మూసేయాలి, లేకపోతే ముద్దు సీను మధ్యలో ‘నాన్న: కరెంటు బిల్లు కట్టావా’ అని మూలన మెరుస్తుంది.

తొమ్మిదికి దర్శకులతో ముఖాముఖి. మైకు అందుకున్న పెద్దమనిషి ‘ప్రశ్న కాదండీ, చిన్న పరిశీలన’ అని మొదలుపెడతాడు. చిన్నదైతే ప్రశ్నే అడిగేవాడు. ఆయన మూడో పాయింటులో ఉండగా అపార్ట్‌మెంటు సెక్రటరీ తలుపు తోసుకుని వస్తాడు. హాలు నిశ్శబ్దం. లాయరమ్మాయి ఫైలు పట్టుకుని లేస్తుంది.

“ఏమ్మా, మెట్ల మీద ఆ చెప్పులేంటి, నలభై జతలు! రెండో ఫ్లోర్ మామ్మగారు దిగలేక అక్కడే నిలబడిపోయారు.”

సుప్రీంకోర్టు తీర్పు కుర్చీలో పెట్టి, లాయరమ్మాయి చెప్పులు సర్దడానికి వెళ్తుంది.