మెత్తని కత్తి

హైదరాబాదులో కత్తి దొరకడం కష్టం కాదు. చూసి ఆనందించడానికైతే సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు బాకూ ఉంది, నూర్జహాను బాకూ ఉంది. గుర్రమెక్కే పెళ్ళికొడుకులకు నడుముకు కట్టుకునే కత్తిని షేర్వాణీతో పాటు అద్దెకిస్తారు. నాటకాలవాళ్ళ దగ్గర వెండికాగితం అంటించిన చెక్క కత్తులు ఉంటాయి. దొరకనిదల్లా ఎవరికీ నొప్పి పుట్టించని కత్తి.

ఈ వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంటుకు అలాంటివి డజను కావలసి వచ్చాయి. కారణం మా బావమరిది. వ్యాయామ విద్యలో డిగ్రీ చేశాడు, కాలేజీ జట్టులో ఫెన్సింగ్ అనే కత్తుల ఆట ఆడాడు, అక్క వండే గుత్తివంకాయ కోసం మా ఇంటికి వచ్చాడు. వంకాయ తిని ఊరుకోకుండా, మెట్ల మీద వరసగా కూర్చుని ఫోన్లలో తలలు దూర్చిన పిల్లలను చూసి చలించిపోయాడు.

"బావా, సెలవులు అయ్యేలోగా వీళ్ళకు ఫెన్సింగ్ నేర్పిస్తాను. ఏ పుట్టలో ఏ పాముందో, వీళ్ళలోనూ ఒక భవానీదేవి ఉండవచ్చు" అన్నాడు.

భవానీదేవి ఎవరో అసోసియేషన్ కమిటీకి చెప్పవలసి వచ్చింది. చెన్నై అమ్మాయి, పూజారిగారి కూతురు. 2004లో బడిలో ఆట మొదలుపెట్టి, ఒలింపిక్స్ ఫెన్సింగ్‌కు అర్హత సాధించిన తొలి భారతీయురాలైంది. టోక్యోలో మొదటి పోటీ 15-3తో గెలిచి, రెండో పోటీలో ఫ్రాన్స్ అమ్మాయి చేతిలో 7-15తో ఓడింది. అందరూ శ్రద్ధగానే విన్నారు. అసలు కత్తులు ఖరీదైనవి కావడంతో ఆమె మొదట్లో వెదురు కర్రలతో సాధన చేసిందని చెప్పగానే కోశాధికారిగారి ముఖం వికసించింది.

"పూలకుండీల దగ్గర మనకు వెదురు కర్రలున్నాయి కదండీ. ఖర్చే లేదు."

"కళ్ళు పోతాయి!" అన్నారు తల్లులు ముక్తకంఠంతో.

మా వాడు అసలు కత్తి సంగతి వివరించాడు. పిల్లలతో మొదలుపెట్టించే ఫాయిల్ అనే కత్తి 500 గ్రాములు దాటదు. దాని అలుగు 90 సెంటీమీటర్లు, పిల్లలకైతే ఇంకా పొట్టిది. మొన మొద్దుగా ఉంటుంది, పొడిస్తే అలుగు విల్లులా వంగుతుంది. ముఖానికి జాలీ ముసుగు, ఒంటికి మందపాటి జాకెట్టు ఉంటాయి. ఇంత చెప్పినా కమిటీ చెవిన పడింది 'ఉక్కు' అన్న ఒక్క మాటే. చివరికి ఒక తీర్మానం జరిగింది. కత్తికి మొన ఉండకూడదు. అంచు ఉండకూడదు. దెబ్బ తగిలితే నొప్పి పుట్టకూడదు. మధ్యాహ్నం కునుకు తీసేవారికి చప్పుడు వినిపించకూడదు.

"అంటే దిండుకు పిడి పెట్టించమంటారా?" అన్నాడు మా వాడు. ఎవరూ నవ్వలేదు. కార్యదర్శిగారు దాన్ని కూడా మినిట్స్‌లో రాసుకున్నారు.

బజారుకు తోడు వెళ్ళడం నా వంతైంది. బేగంబజారులో బొమ్మల దుకాణదారు మా కోరిక విని ఎంతో ఉత్సాహపడి, మీట నొక్కితే ఎర్రదీపం వెలిగి రణగొణమనే కత్తిని తీసి చూపించాడు. "ఇది మెత్తనిదేనా?" అని అడిగితే, "మెత్తనిది కాదు సార్, బ్యాటరీది" అన్నాడు. మా బావమరిది దాన్ని తన మోకాలి మీద ఒక్కటి వేసుకుని చూశాడు. కత్తి రెండు ముక్కలైంది. విరిగినచోట చూస్తే నూర్జహాను బాకుకు కూడా లేనంత పదును! గట్టి ప్లాస్టిక్ బొమ్మకత్తుల గుట్టు ఇదే. విరగనంతసేపు బొమ్మ, విరిగాక ఆయుధం. ఈ జ్ఞానానికి ఖరీదు కట్టి దుకాణదారు చేతిలో పెట్టాం.

తర్వాత ఈతకొలనుల్లో పిల్లలు పట్టుకుని తేలే రంగురంగుల స్పాంజి గొట్టాలు దొరికాయి. నొప్పి మాట దేవుడెరుగు, అసలు నిలబడితేగా? పిడి పట్టి ఎత్తగానే సాంబారులో ఎక్కువ ఉడికిన ములక్కాడలా వాలిపోయాయి. లోపల ఊచలాంటిది ఏదైనా ఉండాలి. ఆ ఊచ బయటికి రాకూడదు. ఊచకూ పిల్లవాడికీ మధ్య బోలెడంత మెత్తదనం ఉండాలి. విదేశాల్లో ఇలాంటివి తయారుగా అమ్ముతారట. ఆన్‌లైన్‌లో ధర చూసిన కోశాధికారిగారు ఫోను బోర్లా పెట్టేశారు.

పరిష్కారం రాణిగంజ్‌లో, ఏసీ సామాన్ల దుకాణంలో దొరికింది. ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్లటి రబ్బరు స్పాంజి తొడుగు ఉంటుంది చూశారూ, అదన్నమాట.

"ఎన్ని టన్నుల ఏసీ సార్?" అన్నాడు దుకాణంలో కుర్రవాడు.

"ఏసీకి కాదు, కత్తులకు."

కుర్రవాడు లోపలికి వెళ్ళి యజమానిని పిలుచుకొచ్చాడు. యజమాని మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఏం కత్తులు?" అన్నాడు. "మెత్తని కత్తులు" అన్నాను. అది విన్నాక ఆయన డబ్బు ముందే తీసుకున్నాడు.

తయారీ గురించి రెండు మాటలు చెప్పకపోతే మా వాడి కష్టానికి అన్యాయం చేసినట్టే. ఇంట్లో కరెంటు వైర్లు దూర్చే సన్నని పీవీసీ గొట్టం లోపలి ఊచ. దాని రెండు కొసలకూ మూతలు బిగించాడు. స్పాంజి తొడుగును గొట్టం కంటే నాలుగు వేళ్ళ మేర పొడవు ఉంచి, కొసన మరికొంత స్పాంజి చుట్టి గుండ్రంగా ఉండ కట్టాడు. ఆ ఉండ పిల్లవాడి కంటిగుంటలో పట్టనంత లావుగా ఉండాలట. సన్నని కొసైతే ఎంత మెత్తనిదైనా ముప్పేనట. రోజూ ఆటకు ముందు కొసలు నొక్కి చూడాలని, లోపలి గొట్టం చేతికి తగిలిందంటే ఆ కత్తిని పక్కన పడేయాలని నియమం పెట్టాడు. అయినా ముఖం మీదికి పొడవడం నిషేధం, అందరికీ కళ్ళద్దాలు తప్పనిసరి. ఇంత జాగ్రత్తను నేను మా పిల్లవాడి పదో తరగతి పరీక్షలప్పుడు కూడా చూడలేదు.

క్లాసు మొదలైంది. సెల్లారులో సుద్దముక్కతో గీతలు గీశారు. అసలు ఆటస్థలం 14 మీటర్ల పొడవు ఉంటుంది కానీ, మాకు రెండు కార్ల మధ్య దొరికినదే చోటు. ముందు వందనం చేయాలి, ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు వేయడం నేర్చుకోవాలి, తర్వాతే కత్తి అన్నాడు మా వాడు. పిల్లలు వందనం వరకూ ఆగారు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు. చేతిలో ఉక్కు ఉన్నవాడు తగులుతుందేమోనన్న భయంతో కొలిచి కదులుతాడు. స్పాంజి ఉన్నవాడికి ఆ బెంగ లేదు. ఎంత కొట్టినా ఏమీ కాదని అమ్మే చెప్పింది కదా! ఒలింపిక్స్ ఫాయిల్‌లో అర కిలో ఒత్తిడి మొనకు తగిలితే దెబ్బ పడిందని చెప్పే దీపం వెలుగుతుంది, అంతకు మించి బలం చూపిస్తే దండగ. మా పిల్లలు ఆ బలమంతా చూపించారు. పొడవవలసిన ఆటను చాకిరేవు చేశారు. అపార్ట్‌మెంటు మొత్తానికీ వినిపించిన ఆ ధబధబలకు తీర్మానంలోని నాలుగో నియమం మొదటిరోజే పోయింది.

ఇంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. తగిలించుకున్న పిల్లవాడు ఒక్కడూ తగిలిందని ఒప్పుకోడు. "తగల్లేదు", "గాలికి ఊగింది", "నాదే ముందు తగిలింది". మెత్తగా తగలడమే ఈ కత్తి గొప్ప కనుక సాక్ష్యం కూడా ఉండదు. మా బావమరిది రిఫరీగా గొంతు పోగొట్టుకుని, చివరికి పాత పద్ధతిని తవ్వి తీశాడు. ఆటలోకి ఆ కరెంటు దీపాలు రాకముందు మొనకు రంగు అద్దేవారట. ఆ మచ్చలు కనబడాలనే ఫెన్సింగ్‌కు తెల్లబట్టలు వచ్చాయంటారు. మన పిల్లలకు స్కూలు వాళ్ళ తెల్ల టీషర్టులు ఎలాగూ ఉన్నాయి. రంగు ఒక్కటే కావాలి.

మళ్ళీ కమిటీ కూర్చుంది. రసాయనాల రంగులు వద్దన్నారు, హోలీ మరకలు స్తంభాలకు ఇంకా ఉన్నాయి. కుంకుమ వద్దన్నారు, చూడగానే గుండె ఝల్లుమంటుందని. అప్పుడు మూడో అంతస్తు మామ్మగారు సభను ఒడ్డున పడేశారు.

"పసుపు ఉండగా వేరే ఎందుకు నాయనా? దెబ్బ తగిలినా అదే మందు."

ఇంత సురక్షితమైన యుద్ధం చరిత్రలో మరొకటి జరిగి ఉండదు. స్పాంజి కత్తి, దానికి పసుపు మొన. మచ్చ చొక్కా మీద పడితే పాయింటు, చేతుల మీద పడితే లేదు. గొడవలు ఆగిపోయాయి. ఒక గడుగ్గాయి మర్నాడు పసుపు రంగు చొక్కా వేసుకుని వచ్చాడు కానీ, వాడికి భవిష్యత్తు ఫెన్సింగ్‌లో కాదు, మరెక్కడో ఉంది.

అసలు ముప్పు బకెట్టులో వచ్చింది. మామ్మగారి మనవడు చిన్నూ తండ్రి డాలస్‌లో ఉంటాడు. పిల్లవాణ్ణి సెలవులకు నానమ్మ దగ్గరికి పంపాడు. ఆ పొద్దున మామ్మగారు వాడి టీషర్టును సబ్బుపొడిలో నానబెట్టి పూజకు కూర్చున్నారు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఈ దేశంలో బట్టలు ఉతికే ప్రతి ఇల్లాలికీ తెలుసు. సున్నం కలిస్తే పారాణి అయినట్టే, సబ్బులోని క్షారానికీ ఎర్రబడుతుంది. తెలియనిది ఇరవై ఏళ్ళుగా మిషన్లో బట్టలు వేసి మూత వేసే మగవారికి.

సరిగ్గా అప్పుడే డాలస్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ రాత్రి పది.

"నాన్నా! నిన్న నన్ను బాగా పొడిచారు!" అన్నాడు చిన్నూ గర్వంగా. "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ. నేను కూడా అనన్యను పొడిచాను. చొక్కా చూస్తావా?"

చూపించాడు. బకెట్టులోంచి పైకెత్తి, పిండకుండా, ఎర్రగా కారుతుండగా చూపించాడు. "నానమ్మ ఏదీ?" అని తండ్రి అరిచేలోపు ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

మామ్మగారు పూజ మధ్యలో లేవరు. అందుకని డాలస్ ఫోను అసోసియేషన్ అధ్యక్షులవారికి మోగింది. ఆయన వాచ్‌మన్‌కు ఫోను చేసి గేటు మూయించారు. ఆ సమయానికి గేటు దగ్గర మా బావమరిది గోనెసంచిలో పన్నెండు నల్లకత్తులు వేసుకుని, కొసలు సరిచేయించడానికి రాణిగంజ్ బయలుదేరుతున్నాడు. "సంచిలో ఏముంది?" అని వాచ్‌మన్ అడిగితే, "కత్తులు" అని నిజం చెప్పాడు. మా వాడితో వచ్చిన చిక్కే అది.

వాణ్ణి వెంటబెట్టుకుని అందరం మూడో అంతస్తు ఎక్కేసరికి మామ్మగారు హారతి కళ్ళకద్దుకుంటూ బయటికి వచ్చారు. అధ్యక్షులవారి ఫోనులో కొడుకు ముఖం తెల్లగా కనిపిస్తోంది.

"అమ్మా, ఆ రక్తం..."

"రక్తమేమిట్రా నీ మొహం! ఇంజనీరింగు చదివావు" అంటూ ఆవిడ వంటింట్లోంచి నిమ్మచెక్క తెచ్చి, చొక్కా మీది మచ్చలపై పిండారు. మా అందరి కళ్ళముందే ఎరుపు కరిగి మళ్ళీ పసుపైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఎండలో ఆరేస్తే ఆ పసుపూ పోతుంది. పడుకో, రేపు ఆఫీసుంది" అని ఆవిడ ఫోను కట్టేశారు.

కథ ఇక్కడ ముగియవలసింది. కానీ పన్నెండుమంది పిల్లలు ఆ నిమ్మకాయ మహత్యాన్ని చూశారు. ఆ సాయంత్రం ఎవరి ఇంట్లోంచి వాళ్ళు నిమ్మకాయలు, పసుపు, సబ్బుపొడి తెచ్చుకుని సెల్లారులో ప్రయోగశాల పెట్టారు. ఆ రోజు అమావాస్య. పొద్దున్నే ఆఫీసుకు బయలుదేరిన కొత్త అద్దెదారు, నిన్నగాక మొన్న కొన్న కారు చుట్టూ పిండిన నిమ్మచెక్కలు, పసుపు, ఎర్రటి మరకలు, మూలన ఆనించిన నల్లని కర్రలు చూశాడు. కారు తాకకుండా ఆటోలో వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆయన అత్తగారు బూడిదగుమ్మడికాయతో దిగారు. దాన్ని కారు ముందు పగలగొట్టగా పడిన మరక మాత్రం నిమ్మరసానికి లొంగలేదు.

ఇప్పుడు లిఫ్టులో కొత్త నోటీసు ఉంది. సెల్లారులో నిమ్మకాయలు కోయరాదు, పసుపు చల్లరాదు, గుమ్మడికాయలు పగలగొట్టరాదు. కత్తుల ప్రస్తావన లేదు. అవి వద్దనడానికి కమిటీకి నోరు రాలేదు, ఎందుకంటే రాత్రి తొమ్మిది దాటాక అధ్యక్షులవారూ కార్యదర్శిగారూ మెయింటెనెన్స్ లెక్కలను వాటితోనే తేల్చుకుంటున్నారు.

పసుపు బదులు దర్జీలు వాడే నీలం సుద్ద వాడదామని మా బావమరిది నిన్న ప్రతిపాదించాడు. కమిటీ ఈసారి మోసపోదలచుకోలేదు. బకెట్టు నీళ్ళు, సబ్బుపొడి, అరడజను నిమ్మకాయలు బల్లమీద పెట్టించి, ముందుగా ఒక తెల్లగుడ్డ మీద పరీక్ష జరగాలన్నారు. ఎవరి గుడ్డ అన్న దగ్గర చర్చ ఆగింది. కోశాధికారిగారు అధ్యక్షులవారి భుజం మీది కండువా వైపు చూస్తున్నారు.