మా ఓవెన్‌కి నేను వకాల్తా పుచ్చుకున్నాను

మా ఇంట్లో ఓవెన్ మీద మోపిన నేరం ఏమిటంటే, అది సరిగ్గా వేడెక్కడం లేదు. మే నెలలో, విజయనగరంలో, అయ్యకోనేరు గట్టు మీద పది నిమిషాలు నిలబడితే మనిషే మాడిపోయే రోజుల్లో, మేడ మీద ట్యాంకు నీళ్లతో టీ పెట్టుకోవచ్చా అనిపించే ఇంట్లో, వేడెక్కడానికని డబ్బు పోసి కొన్న ఒకే ఒక్క వస్తువు వేడెక్కకపోవడం క్షమించరానిదని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. నేనూ చెయ్యెత్తాను, ఒప్పుకోవాలి.

సాక్ష్యం కూడా ఉంది. పలాస జీడిపప్పు పావుకిలో పోసి కలిపిన కేకు. 180 డిగ్రీల దగ్గర ముప్పావుగంటలో అయిపోవాల్సింది, గంటన్నర ఉంచినా నడిమధ్యన జావ, అంచుల్లో కుడుము. దాన్ని కేకు అనడం మా ఆవిడ మర్యాద.

విచారణ మొదలైంది. మా అప్ప ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. బావమరిది ఫోన్లో "టైమర్ తిప్పారా బావా?" అన్నాడు. నవ్వకండి, ఇలాంటి ఓవెన్లలో చాలావాటికి టైమర్ తిప్పకపోతే లోపలికి కరెంటే వెళ్లదు, ఆ సంగతి తెలిసేలోపు వాడు తన ఓవెన్‌ని ఆటోలో ఊరంతా తిప్పుకొచ్చాడు. ఎదురింటాయన అద్దంలోంచి తొంగిచూసి థర్మోస్టాట్ పోయిందన్నాడు. ఆయన ఏ వస్తువు చూసినా థర్మోస్టాటే అంటాడు, మొన్న మిక్సీకి కూడా అదే అన్నాడు.

ఇక్కడే నేను పార్టీ మారాను. పెట్టిన వేడి అందగానే రాడ్లను ఆర్పి, తగ్గగానే మళ్లీ వెలిగించడం థర్మోస్టాట్ ఉద్యోగం. మా ఓవెన్‌లో పైరాడ్లూ కిందిరాడ్లూ గంటన్నరసేపు ఒక్కసారైనా ఆరలేదు, అలాగని బాగా వెలగనూ లేదు, ఉపవాసం ఉన్నవాడి మొహంలా నీరసంగా, ముదురెరుపులో కొట్టుకుంటున్నాయి. అంటే క్షణం విశ్రాంతి లేకుండా పనిచేస్తున్న వాణ్ణి పట్టుకుని మనం సోమరి అంటున్నాం.

అయినా మర్నాడు పొద్దున్న పదకొండింటికి రిపేరు షాపుకి మోసుకెళ్లాను. అక్కడ ప్లగ్గు పెట్టగానే కణకణమంది. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే జ్వరం చూశారా, అదే. చూసినందుకు మూడొందలు. ఇంటికి తెచ్చి సాయంత్రం ఏడింటికి పెడితే మళ్లీ అదే ముదురెరుపు.

చివరికి ఫ్యాను బిగించడానికొచ్చిన వైరింగ్ కుర్రాడు, అడగకుండానే, మీటరు బోర్డు దగ్గరా ఓవెన్ దగ్గరా మల్టీమీటరు పెట్టి చూశాడు. అక్కడ 190 వోల్టులు, ఇక్కడ 180. ఉండాల్సింది 230. పైగా మన ఇళ్లకిచ్చే వోల్టేజీలో 6 శాతానికి మించి తేడా రాకూడదని నియమాల్లోనే రాశారు. అంటే 216కి దిగువకు రాకూడదు, కాగితం మీద. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వేడీ ఐదో వంతే తగ్గుతుందని నాలాంటి వాళ్లు అనుకుంటారు. కాదట, రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. లెక్కేస్తే 2000 వాట్ల ఓవెన్ మా ఇంట్లో సాయంత్రం పూట 1225 వాట్ల ఓవెన్. కుడుము అవ్వక ఏమవుతుంది?

మరి టీవీకి, లైట్లకి ఏమీ కాలేదేం? ఫోన్ చార్జరు తీసి వెనకాల చిన్నక్షరాలు చదవండి, 100 నుంచి 240 దాకా అని ఉంటుంది. అంటే ఎంత తక్కువిచ్చినా సర్దుకుపోతుంది, కడుపు నిండిందని చెబుతుంది. టీవీ అంతే, మంచి ఎల్‌ఈడీ బల్బూ అంతే. ఇంట్లో ఇన్ని వస్తువులు లోకజ్ఞానం నేర్చుకుని బతుకుతుంటే, ఈ వెర్రిబాగుల రాడ్డు మాత్రం వచ్చినంత చూపిస్తుంది, రానిది రాలేదంటుంది. అలాంటి వాళ్లకి మన దగ్గర ఏ మర్యాద జరుగుతుందో దానికీ అదే జరిగింది. వారం రోజుల్లో దాని మీద పాత తువ్వాలు, లోపల అప్పడాల డబ్బా.

ఇక మీటరుకీ ఓవెన్‌కీ మధ్య పోయిన ఆ 10 వోల్టుల సంగతి. అది నా పాపం. 16 ఆంపియర్ల ప్లగ్ పాయింట్ వంటగదిలో వేయించడానికి బద్ధకించి, ఓవెన్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించాను. కుర్రాడు ప్లగ్గు పీకి పిన్నుల చుట్టూ కాఫీరంగు మచ్చ చూపించి, "ఓవెన్‌కేటీ నేదండి బాబూ, మజ్జిలో ఈ బోర్డే తినేస్తంది" అన్నాడు. సుమారు 70 వాట్లు. పాతకాలం గుండుబల్బు వెలిగేంత వేడి, కేకుకి మంజూరైంది, దారిలో బోర్డు తన వాటా తీసుకుంది. మంజూరైనదంతా చివరిదాకా చేరుతుందని నమ్మే వయసు నాకు దాటిపోయింది గానీ, దళారీ మా వంటగదిలోనే, అదీ నేనే నూట యాభై పెట్టి కొన్నవాడని అనుకోలేదు. ఇంకొన్నాళ్లు ఆ బోర్డు ఉంటే కరిగి అంటుకునేదట కూడా.

బోర్డు పీకేసి పాయింట్ వేయించాను. 10 వోల్టులు వెనక్కొచ్చాయి. మిగతా 40 కోసం ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేశాను.

"లైట్లు వెలుగుతున్నాయా?"

"వెలుగుతున్నాయండి."

"టీవీ వస్తోందా?"

"వస్తోంది."

"మరింకేటండి? వీధిలో ఇంకెవరికైనా ఉందా ప్రాబ్లం?"

వీధంతా తిరిగాను. అందరి ఇళ్లలో టీవీలు ఆడుతున్నాయి, ఎవరికీ ఏ లోటూ లేదు, నన్ను కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చారు. చివర్న ఇస్త్రీ బండి దగ్గర ఆగాను. ఆయన దగ్గర కరెంటు ఇస్త్రీపెట్టె ఉంది, అది పక్కన పడుకోబెట్టి ఉంది, చేతిలో మాత్రం బొగ్గుల పెట్టె.

"సాయంత్రం అది ఏడెక్కదు బాబూ," అన్నాడు చొక్కా కాలరు మీంచి తలెత్తకుండా, "నాలుగేళ్లయింది. మీకిప్పుడు తెలిసిందేటి?"