ప్రశ్న ఇక్కడి బడి నుంచే రావాలి

దసరా, దీపావళి దాటాక కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరప కోతకు కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి. చాలా ఇళ్లలో పిల్లలూ వెంట వెళ్తారు. ఉగాది నాటికి తిరిగొచ్చిన పిల్లవాడికి నాలుగో తరగతి టీచర్ ఎక్కడి నుంచి పాఠం మొదలుపెట్టాలి? వలస కుటుంబాల పిల్లల కోసం ఊళ్లో నడిపే సీజనల్ హాస్టల్లో ఉండిపోయిన పిల్లలకూ, మిరప చేలో గడిపిన పిల్లలకూ చదువులో తేడా ఎంత? వరుసగా సుగ్గికి పోయినవారిలో పదో తరగతి దాకా నిలబడేది ఎవరు, ఎందుకు? పడమటి కర్నూలు టీచర్లకు ఈ ప్రశ్నలు ఏటా ఎదురవుతాయి. ఏటా ఎవరికి తోచినట్లు వారు నెట్టుకొస్తున్నారు.

సీమలో చదువు మీద డబ్బు పెట్టేవారు లేరని కాదు. స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తోంది. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చు చేయాలన్న నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. ఆ డబ్బుతో బడులకు గదులు, బెంచీలు, మంచినీళ్ల ప్లాంట్లు వచ్చాయి. అవన్నీ అవసరమైనవే. కానీ పిల్లవాడు నేర్చుకుంటున్నాడా, లేకపోతే ఎందుకు నేర్చుకోవడం లేదు అని ఓపికగా తెలుసుకునే పనికి మాత్రం దాతలు దొరకడం లేదు. ఆ పనికి దాతలు కలిసి నిధులివ్వాలి, ప్రశ్నలు మాత్రం ఇక్కడి బడి నుంచే రావాలి అన్నది మా మాట.

పరిశోధన అసలే జరగలేదనీ అనలేం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేపట్టిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను నమోదు చేస్తూ వచ్చింది. ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం, కడప రెండూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థ సెస్, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం అందులో పాలుపంచుకున్నాయి. అప్పటి పసిపిల్లలు ఇప్పుడు ఇరవై దాటిన యువతీయువకులు. అన్నేళ్లు పిల్లల వెంట నడిచిన ఆ పని మీద మాకు గౌరవముంది. అయితే ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లలతో పోల్చడానికి తయారైన ప్రశ్నావళిలో ఒక మండలం టీచర్ సందేహానికి చోటు దొరకడం కష్టం. ఆ అధ్యయనానికి ప్రధానంగా ఆసరా అయిన బ్రిటన్ ప్రభుత్వం విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. అమెరికా సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1తో పని ఆపేసింది. బయటి డబ్బు తగ్గుతున్న ఈ సమయంలో ఇక్కడ ఖర్చు చేస్తున్నవారు ఎవరి దారిన వారు పోతే కుదరదు.

సుగ్గి పిల్లల సంగతే తీసుకుందాం. ఒక కంపెనీ తన ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకే నిధులిస్తుంది. పిల్లలేమో అయిదు నెలలు ఇంకో జిల్లాలో ఉంటారు. ఒక ట్రస్టు ఏడాదికోసారి ఫలితం చూపమంటుంది. ఈ పిల్లల చదువు సంగతి తేలాలంటే కనీసం మూడేళ్లు వారి వెంట ఉండాలి. పోనీ ముగ్గురు దాతలను ఒప్పించినా మూడు దరఖాస్తులు, మూడు రకాల రిపోర్టులు, మూడు ఆడిట్లు. చిన్న సంస్థలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఆ టెన్షన్‌తోనే పొద్దు గడిచిపోతుంది.

దాతలు కలవడానికి చట్టం అడ్డని కొందరు అంటారు. సీఎస్‌ఆర్ విషయంలో అది నిజం కాదు. ఎవరి లెక్క వారు విడిగా చూపగలిగితే కంపెనీలు కలిసి ఒకే ప్రాజెక్టు చేపట్టవచ్చని నిబంధనల్లోనే ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు కొనసాగించే వీలూ ఉంది. విదేశీ నిధుల దగ్గర మాత్రం చిక్కు నిజమే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడం నిషిద్ధం. కాబట్టి అందరి డబ్బూ ఒకే ఖాతాలో కలపలేం. కలపకపోయినా ఫర్వాలేదు. ఎవరి చెక్కు వారు రాసి, దరఖాస్తు, గడువు తేదీలు, రిపోర్టు నమూనా అందరికీ ఒకటే పెట్టుకుంటే సగం భారం దిగిపోతుంది.

ఈ పరిశోధనను నడిపేది ఎవరు? 1986 విద్యా విధానం తర్వాత ఏర్పడిన జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్‌లకు పరిశోధన కూడా ఒక బాధ్యతే. బి.తాండ్రపాడు, బుక్కపట్నం, రాయచోటి డైట్‌లు ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అన్నిటికన్నా ముందు టీచర్లు ఉన్నారు. ఆదోని వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పాప చేతిలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకం పెడితే ఆమె ఏ పేజీని ఆసరా చేసుకుంటుందో రోజూ చూస్తున్నది ఆ టీచరే. తండాల్లో సుగాలీ పిల్లల సంగతీ, కర్నూలు, కడప పట్టణాల్లో ఉర్దూ ఇళ్ల పిల్లల సంగతీ అంతే. గణాంకాల్లో, నమూనా ఎంపికలో నిపుణుల సాయం కావాలి. దాన్ని హైదరాబాద్ నుంచో, విదేశాల నుంచో తీసుకోవచ్చు. ఏది అడగాలో నిర్ణయించే అధికారం మాత్రం ఇక్కడే ఉండాలి. ఫలితం తెలుగులో ముందుగా ఆ బడికే చేరాలి.

దాతలు కలవడంలో ఒక ప్రమాదముంది. దాన్ని దాచడం మంచిది కాదు. విడివిడిగా ఉన్నప్పుడు ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లవచ్చు. అందరూ ఒక్కటైతే ఒకచోట కాదన్న ప్రశ్నకు ఎక్కడా దిక్కుండదు. అందుకే ఎంపిక కమిటీలో టీచర్లు, తల్లిదండ్రుల కమిటీల సభ్యులు సగానికి తగ్గకుండా ఉండాలి. కమిటీకి నచ్చని ప్రశ్నల కోసం కొంత నిధి పక్కన పెట్టాలి. ప్రభుత్వానికో, దాతకో ఇబ్బంది కలిగించే ఫలితం వచ్చినా ప్రచురించే హక్కును ఒప్పందంలోనే రాసుకోవాలి. ఈ మూడూ లేకుండా దాతలు కలిస్తే మేము సమర్థించం.

కంపెనీల కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఈలోగా మూడు విశ్వవిద్యాలయాల వైస్ చాన్స్‌లర్లు చొరవ తీసుకుని కంపెనీలను, ట్రస్టులను, ప్రభుత్వ పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష అధికారులను కర్నూలులో ఒకచోట కూర్చోబెట్టాలి. మొదటి పనిగా సుగ్గికి పోయే పిల్లల మీద మూడేళ్ల అధ్యయనాన్ని ఒప్పుకోవాలి. గుంటూరు, పల్నాడు విద్యాధికారులనూ అందులో చేర్చాలి. వచ్చే దసరాకు ఆ ఇళ్లకు తాళాలు పడకముందే పిల్లల జాబితా, వారి చదువు స్థాయి ఊరి టీచర్ చేతుల మీదుగా నమోదు కావాలి.